పుంజుపిల్లలు

చుక్కల పెట్ట గంప దిగడం దాదాపు మానేసింది. మెట్లకింద, పాత టైర్ల వరసకూ గోడకూ మధ్య, గోనెసంచి పరిచిన గంపలో పళ్లెం బోర్లించినట్టు పరుచుకుని కూర్చుంటుంది. ఎవరైనా వంగి చూస్తే చాలు, ఒంటిమీది ఈకలన్నీ లేపి రెండింతలై, గొంతులోంచి కుర్రుమంటుంది. పొద్దున ఒకసారి దిగి నాలుగు గింజలు ఏరుకుని, గబగబా నీళ్లు తాగి, వాకిలంతా ముక్కు మూసుకునేలా ఒక రెట్ట వేసి, ఎవరో తరుముతున్నట్టు మళ్లీ గంపలోకి పరిగెడుతుంది. రొమ్ముమీది ఈకలు తనే పీక్కుని గుడ్ల చుట్టూ సర్దుకుంది. తలమీది ఎర్రటి తురాయి ఉతికి ఉతికి వెలిసిన గుడ్డలా రంగు దిగిపోయింది.

ఆ సాయంత్రం ఆడబిడ్డ దాని ముందు గొంతుకూర్చుని, పెట్ట పొట్టకిందికి చెయ్యి పోనిచ్చి, ఒక్కో గుడ్డూ తీసి టార్చిలైటు మీద నిలబెట్టి చూస్తోంది. లోపల పిల్ల ఉంటే ఈపాటికి గుడ్డు నల్లగా నిండిపోయి వెలుతురును దాటనివ్వదు. ఇక్కడ ఏది చూసినా పచ్చగా వెలిగి, లోపల నీళ్లు ఊగుతున్నాయి.

"ఏమైనా ఉందా?" అంది వదిన, గుమ్మంలో నిలబడి జడ విప్పుకుంటూ.

"ఏమీ లేదు వదినా. ఇదీ ఉత్తిదే." పెట్ట ఆమె మణికట్టు మీద టక్కున పొడిచింది. ఆడబిడ్డ చెయ్యి తియ్యలేదు. "కోప్పడకే తల్లీ. నీ తప్పేం లేదు."

తప్పు ఎవరిదీ కాదు. వీధిలో పుంజన్నదే లేదు. ఉన్న ఒక్కదాన్నీ వెనకింటివాళ్లు ఎప్పుడో కోసుకున్నారు. పుంజు లేకుండా పెట్టిన గుడ్లలోంచి పిల్ల రాదని పెట్టకు ఎవరు చెబుతారు?

వదినను ఆ ఇంట్లో వదిన అంటారుగానీ బయట చాలామందికి ఆమె పెద్దక్క. ఊరి చివరి హ్యాచరీలో, అప్పుడే గుడ్డు పగలగొట్టుకుని వచ్చిన పిల్లల్లో ఏది పెట్టో ఏది పుంజో చూసి వేరుచేసే గదిలో అందరికంటే పాత మనిషి. ఆడబిడ్డనూ తనే మాట చెప్పి అక్కడ ట్రేలు కడిగే పనిలో పెట్టించింది. ఆడబిడ్డ మొగుణ్ని వదిలేసి అన్న ఇంటికి వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్నవి ఒక పెట్టె, ఈ పెట్ట.

ఇంటిముందు పంక్చర్ల కొట్టులోంచి అన్న కేకేశాడు. "రెండు ముంచులు బకెట్లో ముంచండి దాన్ని. పొదుగూ గిదుగూ అన్నీ వదిలిపోతాయి."

"అది దాని ఒంట్లో వేడి అన్నయ్యా. నీళ్లుపోసి ఆర్పడానికి పొయ్యా?"

"అయితే ఎండిపోయి చస్తుంది. అప్పుడు నా కొట్టుముందు కూర్చుని ఏడవకు."

ఆడబిడ్డ పెట్ట వీపుమీద చెయ్యి వేసింది. వెన్నెముక చేతికి గుచ్చుకున్నట్టుంది, వెంటనే తీసేసింది. అది చూసి పెద్దక్కకు జాలీ విసుగూ కలిసి వచ్చాయి.

"రోజూ బుట్టలకు బుట్టలు పుంజుపిల్లల్ని డ్రమ్ములో పోస్తున్నాం. ఓ నాలుగు తెచ్చి దీని పొట్టకింద పడేస్తే దాని ముచ్చటా తీరుతుంది, నీ దిగులూ తీరుతుంది" అంది.

ఆడబిడ్డ తలెత్తింది. "తేవచ్చా వదినా?"

"పారేసేవాటిని ఎవడడుగుతాడే? తీసుకురా" అని పెద్దక్క దువ్వెన వెతుక్కుంటూ లోపలికి వెళ్లిపోయింది. దువ్వెన దొరికేసరికి ఆ మాట మరిచిపోయింది కూడా.

పిల్లల్ని వేరుచేసే గదిలో మనిషి మాట మనిషికి వినబడదు. వేల గొంతులు ఒక్కటై కీచుమంటుంటాయి. పొడుగాటి బల్లమీదికి ట్రేలు వస్తాయి. ఎడమచేత్తో పిల్లను తీసుకుని, బొటనవేలితో రెక్క విసనకర్రలా విప్పి చూడాలి. అంచున ఈకలు ఒకటి పొడుగూ ఒకటి పొట్టీగా ఉంటే పెట్ట. అన్నీ ఒకే వరసలో ఉంటే పుంజు. ఆ తేడా ఉండేది పుట్టిన రోజు ఒక్కటే. మర్నాటికి రెక్కలు పెరిగి అన్నీ కలిసిపోతాయి. అందుకే ఆ గదిలో ఎప్పుడూ తొందరే. పెట్టలు కుడివైపు అట్టపెట్టెల్లోకి వెళ్లి లారీ ఎక్కుతాయి. పుంజులు ఎడమవైపు గొట్టంలోకి. గొట్టం అడుగున డ్రమ్ము ఉంటుంది. డ్రమ్ము సంగతి ఆ గదిలో ఎవరూ మాట్లాడుకోరు. బయట ఎవరైనా అడిగితే, "గుడ్లు పెట్టవుగా, వాటితో ఏం పని?" అని మాట మార్చేస్తారు.

పెద్దక్క చేతులు ఆ బల్లమీద కళ్లతో పనిలేకుండా నడుస్తాయి. కొత్తగా చేరినవాళ్లు ఒక పిల్లను వెలుతురుకు పెట్టి చూస్తుండగా ఆమె ముందున్న ట్రే ఖాళీ అయిపోతుంది. ఆమె సెలవు పెడితే ఆ రోజు లారీ ఆలస్యమవుతుందని సూపర్‌వైజరే అంటాడు.

మర్నాడు సాయంత్రం పని దిగి అందరూ గేటు దగ్గర వరసలో నిలబడ్డారు. వాచ్‌మన్ ఒక్కొక్కరి సంచీ తెరిచి చూసి పంపిస్తున్నాడు. పెద్దక్క ముందు ఆడబిడ్డ ఉంది. ఆమె చేతిలోని టిఫిన్ క్యారియర్‌ను వాచ్‌మన్ అలవాటుగా తట్టాడు. లోపల్నించి కీచుమని వినిపించింది.

"ఏంటమ్మాయ్, కూర ఇంకా బతికే ఉందా?" అన్నాడు వాచ్‌మన్. వరసంతా గొల్లుమంది. ఆడబిడ్డ కూడా నవ్వబోయింది.

సరిగ్గా అప్పుడే సూపర్‌వైజర్ మోటార్‌సైకిల్ తోసుకుంటూ వచ్చాడు. అతను నవ్వలేదు. పెట్టెల్లో పెట్టపిల్లలు తక్కువ వస్తున్నాయని కొన్నవాళ్లు నాలుగు రోజులుగా ఫోన్లో పోట్లాడుతున్నారు. యజమాని ఆ పొద్దున్నే అతన్ని అందరిముందూ నానామాటలూ అన్నాడు. బండికి స్టాండు వేసి వచ్చి క్యారియర్ తెరిపించాడు. పై గిన్నె ఖాళీ. కింది గిన్నెలో దూదిమీద ఆరు పసుపుపచ్చ పిల్లలు ఒకదానిమీద ఒకటి ఒరిగి ఉన్నాయి. ఆ గిన్నె మూతకు మేకుతో పొడిచిన చిల్లులున్నాయి.

"చిల్లులు కూడా పొడుచుకొచ్చావా? ఇంటిదగ్గరే అన్నీ సిద్ధం చేసుకుని మరీ వచ్చావన్నమాట." వరసవైపు తిరిగి, "పెద్దక్కా, ఇలా రండి. ఇవేవో చూసి చెప్పండి" అన్నాడు.

పెద్దక్క ముందుకు వచ్చింది. ఒక్కొక్కటీ తీసి రెక్క విప్పింది. ఎందుకో ప్రతిదాన్నీ రెండేసి సార్లు చూసింది. "పుంజులే సార్. ఆరూ పుంజులే." దాంతో గొడవ సద్దుమణుగుతుందనుకుంది.

"పారేసేవే కదా సార్" అంది వెనకనించి ఎవరో.

"పారేసేదయినా కంపెనీ సొమ్మే. ఇవాళ పుంజులు, రేపు పెట్టలు. ఎప్పట్నించి నడుస్తోందో ఈ బాగోతం ఎవరికి తెలుసు?" ఆడబిడ్డ వైపు తిరిగాడు. "ఎవరు తెమ్మన్నారు నిన్ను?"

పెద్దక్క చేతిలో ఆఖరి పిల్ల ఉంది. దాని గుండె ఆమె వేలికింద టకటకా కొట్టుకుంటోంది. నేనే తెమ్మన్నాను అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఆమె నోరు తెరిచింది కూడా. సూపర్‌వైజర్ కళ్లు తనమీదికి మళ్లడం చూసింది. చేతిలోని పిల్లను ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఎవరూ చెప్పలేదు సార్" అంది ఆడబిడ్డ. "నాకే బుద్ధి పుట్టింది."

"అయితే రేపట్నించి రాకు."

గొణిగేవాళ్లు గొణుగుతుండగా వరస కదిలింది. సూపర్‌వైజర్ క్యారియర్‌ను పెద్దక్క చేతికిచ్చాడు. "ఇవి లోపల వేసి రండి."

ఆమె వెనక్కి వెళ్లింది. యంత్రాలు ఆపేశారు, గది నిశ్శబ్దంగా ఉంది. అలాంటి గదిలో పని చెయ్యడం ఆమెకు అలవాటు లేదు. ఒక్కొక్కటీ గొట్టంలోకి వదిలింది. రేకుమీద చిన్నగా జారిన చప్పుడు, అడుగున ఇంకో చప్పుడు. ఇన్నేళ్లలో ఆ రెండో చప్పుడు ఆమె ఎప్పుడూ వినలేదు. ఆరో పిల్ల ఆమె చూపుడువేలును కాళ్లతో చుట్టి పట్టుకుంది. విదిలించాల్సి వచ్చింది.

తిరిగి వచ్చేసరికి ఆడబిడ్డ గేటు బయట నిలబడి ఉంది. క్యారియర్ అందుకుని నడక మొదలుపెట్టింది. రోజూ పక్కపక్కనే నడిచేవాళ్లు, ఆవేళ ఆమె ఒక అడుగు ముందు నడిచింది.

"ఇలా ఇవ్వు, నేను పట్టుకుంటా" అంది పెద్దక్క.

"ఖాళీదే కదా వదినా" అంది ఆడబిడ్డ.

ఇంటికి వెళ్లేసరికి వార్త ముందే చేరింది. పంక్చర్ వేయించుకోవడానికి వచ్చిన లారీ క్లీనరెవరో చెప్పిపోయాడు. అన్న గ్రీజు చేతులతోనే లోపలికి వచ్చాడు. సాధారణంగా గొంతు పెంచని మనిషి.

"నీకేం తక్కువ చేశామని? అడ్డమైన వాడిచేతా దొంగ అనిపించుకుంటావా? నిన్ను అక్కడ చేర్పించిన మీ వదిన మొహం ఏం కావాలి? ఇన్నేళ్లుగా ఒక్కడు వేలెత్తి చూపలేదు తనని. నీవల్ల తలవంపులు."

ఆడబిడ్డ పొయ్యిమీద గిన్నె దించుతోంది. దించి, మసిగుడ్డ మడిచి పక్కన పెట్టి, వదిన వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో నిలదీయడం లేదు. రావలసిన బస్సు వస్తుందా రాదా అని రోడ్డు చివరికి చూసినట్టు చూసింది. తర్వాత కళ్లు దించుకుంది.

పెద్దక్క, "ఇక చాల్లెండి. వదిలెయ్యండి" అంది.

ఆ మాట నోట్లోంచి వచ్చాక అది ఎలా వినబడిందో ఆమెకే తెలిసింది. తప్పు చేసిన మనిషిని పెద్దమనసుతో క్షమించినట్టుంది. ఆమె మొగుడు కూడా అలాగే అర్థం చేసుకున్నాడు. "విన్నావా మీ వదిన మాట? ఇంకొకరైతే ఇంట్లోంచి పొమ్మనేవాళ్లు" అని చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

భోజనాల దగ్గర ఆడబిడ్డ ఎప్పటిలాగే వడ్డించింది. "ఉప్పు సరిపోయిందా వదినా?" అని అడిగింది. సరిపోయిందంది పెద్దక్క. నిజానికి ఆమెకు ఉప్పూ తెలియలేదు, కారమూ తెలియలేదు.

తర్వాతి రోజు పని మొదలయ్యేముందు సూపర్‌వైజర్ అందర్నీ బల్ల దగ్గరికి పిలిచాడు. పెట్టెల్లో పిల్లలు ఎందుకు తగ్గుతున్నాయో తెలిసిందనీ, దొంగ దొరికిందనీ, ఇక మీదట అలాంటివి జరగవని యజమానికి మాటిచ్చాననీ చెప్పాడు. కొన్నవాళ్లకు కూడా ఫోన్ చేసి అదే చెప్పాడట.

ఆడబిడ్డ క్యారియర్లో ఆరుకు మించి పట్టవని తెలిసిన మనిషి పెద్దక్క. ఆ ఆరూ పుంజులని పదిమంది ముందు చెప్పిన మనిషి. గేటు దగ్గర చెప్పలేకపోయిన మాట సరే, ఈ మాటయినా అనవచ్చు. పక్క బల్ల ఆవిడ చెవి దగ్గరికి వంగి, "నోట్లో నాలుక లేనట్టుండేది మీ ఆడబిడ్డ! ఎంత గడుసుదో చూశావా? పాపం, నీకెంత కష్టం వచ్చింది పెద్దక్కా" అంది. పెద్దక్క ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. ట్రే ముందుకు లాక్కుంది.

ఆ రోజు ఆమె చేతులు మొరాయించాయి. రెక్క విప్పితే ఈకలు కనబడేవి, పెట్టో పుంజో తోచేది కాదు. విప్పిన రెక్కను మళ్లీ విప్పాల్సి వచ్చేది. మధ్యాహ్నానికి ఆమె పక్కన ట్రేలు పేరుకున్నాయి.

ఇంటికి వచ్చేసరికి వాకిలంతా కంపు. గంపలో ఒక గుడ్డు మురిగి పగిలింది. ఆడబిడ్డ మూతికి గుడ్డ కట్టుకుని, గోనెసంచి మార్చి, తక్కిన గుడ్లన్నీ దూరంగా పారేసి వచ్చింది. వాటి బదులు గుండ్రటి రాళ్లు ఏరి, కడిగి, ఎండలో పెట్టి, వెచ్చబడ్డాక పెట్టకింద ఒక్కొక్కటే పెడుతోంది.

"రాళ్లెందుకే?" అంది పెద్దక్క.

"కింద ఏదో ఒకటి లేకపోతే అది నిలవదు వదినా. వెర్రెత్తినట్టు తిరుగుతుంది." పెట్ట రాళ్లను ముక్కుతో పొట్టకిందికి లాక్కుని సర్దుకుంది. ఆడబిడ్డ లేచి చేతులు దులుపుకుంది. "ఇవాళ బజారు చివర లాండ్రీలో అడిగా, పనేమైనా ఉందా అని. హ్యాచరీలో ఎందుకు తీసేశారన్నారు. చెప్పా."

"ఏమని?"

"పిల్లల్ని తీశానని. అదే కదా జరిగింది."

పెద్దక్క చెప్పులు విడిచిన చోటే నిలబడిపోయింది. ఆడబిడ్డ పక్కనించి చీపురు తీసుకుని వాకిలి ఊడ్వడం మొదలుపెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ పెద్దక్క సూపర్‌వైజర్ గదికి వెళ్లింది. అతను కుర్చీలో వెనక్కి వాలి ఫ్యానుకింద చెమట ఆరబెట్టుకుంటున్నాడు. కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"ఆ పిల్లల్ని తెమ్మన్నది నేను సార్. మా ఇంట్లో పొదుగు పెట్ట ఉంది. దాని కిందికి తెమ్మని నేనే చెప్పా. మా ఆడబిడ్డకేం తెలీదు. తీసెయ్యాలంటే నన్ను తీసెయ్యండి."

రెండు రాత్రులు నెమరేసుకున్న మాటలు. అతను ఉలిక్కిపడతాడనుకుంది, అరుస్తాడనుకుంది. అతను చెవిలో పుల్ల తిప్పుకుంటూ నవ్వాడు.

"తెలుసు పెద్దక్కా."

"ఏం తెలుసు?"

"మీరు చెప్పకుండా ఆ అమ్మాయి అంత పని చేస్తుందా? ఆ రోజు మీ మొహం చూస్తేనే తెలిసింది. మీ చేతిలో పిల్ల నలిగిపోతోంది."

"మరి..."

"మరేంటి? మిమ్మల్ని తీసేస్తే రేపు లారీ ఎవరు పంపిస్తారు? ట్రేలు కడిగేవాళ్లు గేటు బయట ఎంతమంది కావాలంటే అంతమంది. అయ్యగారికి ఎవరో ఒకరిని చూపించాలి, చూపించాను. మీరెందుకు మనసు పాడుచేసుకుంటారు? నిన్నట్నించి మీ బల్లమీద పని నడవడం లేదు. నాకది దిగులుగా ఉంది." కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "పెట్ట ఉందంటున్నారుగా, సాయంత్రం కావలసినన్ని పట్టుకెళ్లండి. గేట్లో నేను చెబుతా. ఇంకో వారం పోనిచ్చి ఆ అమ్మాయిని కూడా తీసుకురండి. తప్పయిపోయింది సార్ అని ఒక్క మాట అంటే చాలు. అందరూ మరిచిపోతారు."

ఆమె వచ్చిన దారినే బల్ల దగ్గరికి వెళ్లింది. తనను శిక్షించమని అడగడానికి వెళ్లిన మనిషికి బహుమానం ఇచ్చి పంపినట్టుంది. అయినా దారిలోనే మనసు లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టింది. పిల్లలు దొరికాయి. ఆడబిడ్డకు పనీ దొరికింది. ఇంకేం కావాలి?

సాయంత్రం అట్టపెట్టెలో ఆరు పుంజుపిల్లల్ని పెట్టుకుని మూత కూడా వెయ్యకుండా గేటు దగ్గరికి వచ్చింది. వాచ్‌మన్ సంచీ చూడలేదు. పక్కకు జరిగి గేటు వెడల్పుగా తెరిచాడు. "జాగ్రత్త పెద్దక్కా, అక్కడ గుంట ఉంది" అన్నాడు. వెనక వరసలో ఎవరూ నవ్వలేదు. వాళ్ల చూపులు మలుపు తిరిగేదాకా వీపుమీదే ఉన్నాయి.

మొగుడు కొట్టుముందు ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు ఎక్కణ్నించి వస్తున్నాయో చూస్తున్నాడు. ఆడబిడ్డ గడపమీద కూర్చుని నూకల్లో రాళ్లు ఏరుతోంది. పెద్దక్క అట్టపెట్టెను ఆమె ముందు దించి, నిలబడే చెప్పింది. తెమ్మన్నది తనేనని, గేటు దగ్గర నోరు పెగల్లేదని, ఆ తర్వాతా పెగల్లేదని, ఇవాళ సూపర్‌వైజర్‌తో చెప్పి వచ్చానని. మొగుడి చేతిలో ట్యూబు నీళ్లలోంచి పైకి రాలేదు.

"నీకు చెప్పడానికి రెండు రోజులు పట్టిందా?" అన్నాడతను. అని, చెల్లెలివైపు తిరిగాడు. "నువ్వయినా ఒక్కమాట నాతో అనొచ్చు కదే. అన్ని మాటలూ పడుతూ కూర్చున్నావు."

"నేనంటే బాగుంటుందా అన్నయ్యా?" అంది ఆడబిడ్డ. నూకల చేట పక్కకు పెట్టింది. "గేటు దగ్గర వదిన చెబుతుందనుకున్నా. నువ్వు తిడుతుంటే అప్పుడు చెబుతుందనుకున్నా. నిన్న పొద్దున పనికి వెళ్తూ చెప్పులేసుకుని ఒక్క క్షణం ఆగింది, అప్పుడూ అనుకున్నా. తర్వాత అనుకోవడం మానేశా."

"నిన్ను మళ్లీ తీసుకుంటారట" అంది పెద్దక్క గబగబా. "వారం ఆగి రమ్మన్నాడు. తప్పయిపోయిందని ఒక్కమాట అంటే చాలట."

"ఎవరనాలి?"

దారంతా పెద్దక్క ఆ కబురును ఎంత ఆత్రంగా మోసుకొచ్చింది! అందులో ఏముందో ఇప్పుడు తెలిసింది.

ఆడబిడ్డ అట్టపెట్టెలోకి చెయ్యి పెట్టి చూసింది. "చల్లబడుతున్నాయి వదినా. ఇలా పట్టుకురా. చీకటి పడుతున్నప్పుడే పెట్టాలి. మరీ వెలుతురుంటే పరాయివని పొడిచేస్తుంది."

మెట్లకింద అప్పటికే మసకగా ఉంది. ఆడబిడ్డ గంప పక్కన బోర్లా పడుకున్నట్టు ఒరిగి, ఎడమచేత్తో పెట్ట కళ్లకు అడ్డం పెట్టి, కుడిచేత్తో పొట్టకిందనించి ఒక రాయి తీసింది. "ఇవ్వు." పెద్దక్క ఒక పిల్లను ఆమె అరచేతిలో పెట్టింది. పిల్లను గుప్పిట్లో మూసి రాయి ఉన్నచోటే దూర్చింది. పెట్ట కుర్రుమంది. ఇంకో రాయి వచ్చింది, ఇంకో పిల్ల వెళ్లింది. మూడోది లోపలికి వెళ్తూ కీచుమని అరిచింది. పెట్ట విసురుగా తల తిప్పి దాని నెత్తిన పొడిచింది. పెద్దక్క ముందుకు వంగింది.

"చంపేస్తుందే! తియ్యి!"

"ఉండు వదినా. కాస్త ఓపిక పట్టు."

ఇద్దరూ గంపలోకే చూస్తున్నారు. అన్న కూడా ట్యూబు పట్టుకునే వచ్చి వెనక నిలబడ్డాడు. పొడిపించుకున్న పిల్ల పారిపోలేదు. తల వంచుకుని, ఈకలు లేని పెట్ట రొమ్ములోకి ఇంకా లోపలికి దూరింది. పెట్ట రెక్క ఎత్తి కిందికి చూసింది. దాని గొంతులో కుర్రుమనడం ఆగిపోయింది. కాసేపటికి వేరే చప్పుడు మొదలైంది. మెత్తగా, తెరలు తెరలుగా, టుక్ టుక్ మని. ఇంతకుముందు ఆ ఇంట్లో ఎవరూ వినని చప్పుడు అది. కిందనించి కీచుమని ఒకటి పలికింది. పెట్ట మళ్లీ టుక్ మంది.

"ఒప్పుకుంది" అంది ఆడబిడ్డ. తక్కిన మూడింటినీ పెట్టకింద పెట్టడం తేలికయింది.

"ఆరూ పుంజులే అన్నమాట" అన్నాడు అన్న. "ఇంకో నాలుగు నెలలు పోతే తెల్లవారుజామున ఈ వీధికి కచేరీ." ఎవరూ నవ్వకపోయేసరికి గొంతు సవరించుకుని కొట్టులోకి వెళ్లిపోయాడు.

పొద్దున పెద్దక్క లేచేసరికి పెట్ట పిల్లల్ని వాకిట్లోకి దించింది. ఆడబిడ్డ డబ్బామూతలో నీళ్లుపోసి, పిల్లలు మునక్కుండా అందులో గులకరాళ్లు వేసింది. పెట్ట ఒక నూకను ముక్కుతో తీసి, వదిలి, మళ్లీ తీసి, టుక్ టుక్ మంది. ఒక పిల్ల పరిగెత్తుకొచ్చి దాన్ని పొడవబోయి పక్కనున్న తన కాలివేలునే పొడుచుకుంది. పెద్దక్క పళ్లు తోముకోవడం మరిచిపోయి చూస్తూ కూర్చుంది. లెక్కలేనన్ని పిల్లలు ఆ చేతులమీదుగా వెళ్లాయి. మర్నాటి పిల్ల ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడూ చూడలేదు. అది ఏం తింటుందో, ఎలా నిద్రపోతుందో, నీళ్లు తాగాక తల ఎందుకు పైకెత్తుతుందో ఆమెకు తెలియదు.

"నూకలు నానబెట్టక్కర్లేదా?" అని అడిగింది.

"అక్కర్లేదు వదినా. అదే చూపిస్తుంది, అవే నేర్చుకుంటాయి."

తర్వాతి రెండు రోజులూ ఆడబిడ్డ వదినతో మామూలుగానే మాట్లాడింది. అడిగినదానికి జవాబు చెప్పింది, అవసరమైనది అడిగింది. అంతకుముందు అవసరం లేనివి ఎన్ని మాట్లాడుకునేవాళ్లో పెద్దక్కకు అప్పుడు తెలిసింది. హ్యాచరీలో ఆమె చేతులకు వేగం తిరిగి వచ్చింది. సూపర్‌వైజర్ పక్కనించి వెళ్తూ, "ఇప్పుడు బాగుంది పెద్దక్కా" అన్నాడు.

మూడో రోజు సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆడబిడ్డ పెట్టె సర్దుకుని ఉంది. కొట్టుముందు తోపుడుబండి ఆగి ఉంది. అన్న దానిమీద పాత పరుపు కడుతున్నాడు. అతని మొహం చూస్తే అడగాల్సినవన్నీ అడిగి ఓడిపోయినట్టుంది.

"లాండ్రీలో రమ్మన్నారు" అంది ఆడబిడ్డ. "మాసిన బట్టల్లో దొంగతనానికేముంది, వచ్చి ఉతుకు అన్నాడు లాండ్రీ నడిపే ముసలాయన. వెనక ఒక గది ఉంది. చిన్న పెరడు కూడా ఉంది."

"పని అక్కడ చేసుకో. ఉండడం ఇక్కడ ఉండొచ్చు కదా. నడిచి వెళ్లేంత దూరమేగా."

"ఇక్కడుంటే రోజూ నా మొహం చూడాలి వదినా నువ్వు. నీకే కష్టం."

కోపంగా అని ఉంటే పెద్దక్క ఏదో ఒకటి అనగలిగేది. ఆడబిడ్డ ఆ మాటను, వానొచ్చేలా ఉంది బట్టలు తియ్యి అన్నట్టు చెప్పింది.

పెట్టను గంపలో కూర్చోబెట్టి, పిల్లల్ని దాని రెక్కలకిందికి తోసి, పైన పలచటి గుడ్డ కట్టాలి. ఆడబిడ్డ తాడు పట్టుకుంది. పెద్దక్క గుడ్డ అంచు పట్టుకుంది. ఒక పిల్ల సందులోంచి తల బయటపెట్టింది. పెద్దక్క దాన్ని లోపలికి నెట్టబోయింది. పెట్ట ఆమె చేతిమీద గట్టిగా పొడిచింది. చర్మం లేచి నెత్తురు చిమ్మింది.

"చూసుకో వదినా."

"ఏం ఫర్లేదు" అంది పెద్దక్క. ముడి పడేదాకా చెయ్యి తియ్యలేదు.

గంపను బండిమీద పరుపు మధ్యలో కుదురుగా పెట్టారు. లోపల పెట్ట ఆపకుండా టుక్ టుక్ మంటోంది, పిల్లలు బదులు పలుకుతున్నాయి. అన్న బండి తొయ్యడానికి వంగాడు. ఆడబిడ్డ చెప్పులేసుకుంది.

"ఆదివారం వచ్చి చూడనా?" అంది పెద్దక్క. "పిల్లల్ని."

ఆడబిడ్డ ఆమెవైపు తిరిగింది. ఆ మొహంలో కోపం లేదు. బయటివాళ్లు ఇంటికి వస్తామంటే చూపించే మర్యాద మాత్రం ఉంది.

"రా వదినా, ఎందుకు రాకూడదు? వచ్చేముందు వీధిలోంచే ఒక కేకెయ్యి. పిల్లలున్నాయి కదా, కొత్తమనుషులు హఠాత్తుగా వస్తే దానికి పడదు."

పెద్దక్క అలాగే అంది. బండి కదిలింది. ఆడబిడ్డ ఒక చెయ్యి గంపమీద ఆనించి, అది కుదపకుండా చూసుకుంటూ, బండి పక్కనే నడిచి వెళ్లింది.